ట్యూన్ అక్కడిది, పెట్రోలు ఇక్కడిది

టర్బో కారు కొన్న ప్రతి కుర్రవాడికీ స్టేజ్ వన్ ట్యూన్ (విడిభాగాలు మార్చకుండా, ఇంజిన్ కంప్యూటరు ప్రోగ్రామును మార్చి పవర్ పెంచడం) అంటగట్టేవారు, అతడు రోజూ ఏ పెట్రోలు కొట్టిస్తాడో ఒక్క మాటైనా ఎందుకు అడగరు? అమెరికాలో 93 ఆక్టేన్ పెట్రోలుకు (ఈ అంకె పెరిగేకొద్దీ పెట్రోలు తనంతట తాను పేలకుండా ఎక్కువ తట్టుకుంటుంది) రాసిన ఫైలును తెచ్చి, ‘మన దగ్గర 95 ఉంది కదా, ఇంకా ఎక్కువే’ అంటూ ఈసీయూలోకి, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటరులోకి, ఎక్కించేస్తారు. అక్కడి అంకె రాన్, మాన్ అనే రెండు ఆక్టేన్ కొలతల సగటు, ఇక్కడ చెప్పేది రాన్ ఒక్కటే. కాబట్టి అక్కడి 93 మన లెక్కలో దాదాపు 98 అవుతుందన్న సంగతి ట్యూనరుకే తెలియకపోతే ఇంకెవరికి తెలియాలి? ఇక 100 ఆక్టేన్ అమ్మే బంకులు తక్కువే. హైవే ఎక్కాక, ‘ప్రీమియం లేదు సార్, మామూలుది కొట్టమంటారా?’ అంటూ నాజిల్ పట్టుకుని నిలబడిన కుర్రాడిని ఏమనగలం? మే నెల మిట్టమధ్యాహ్నం, టర్బో పంపే గాలిని చల్లబరచాల్సిన ఇంటర్‌కూలరే వేడెక్కి ఉండగా, పై గేరులో తక్కువ ఆర్‌పీఎమ్ వద్ద యాక్సిలరేటరును పూర్తిగా తొక్కితే, నాక్‌ను, అంటే సిలిండరులో ఇంధనం అదుపు తప్పి పేలడాన్ని, పసిగట్టే సెన్సరు చెప్పిన మేరకు ఈసీయూ స్పార్క్ టైమింగును వెనక్కి లాగి, స్పార్కును ఆలస్యం చేస్తుంది. వేలు పోసి కొన్న హార్స్‌పవర్ అక్కడికక్కడే ఆవిరైపోతుంది. గ్రహచారం బాగుండకపోతే పిస్టన్ రింగుల మధ్య గట్టు కూడా విరుగుతుంది. అప్పుడు ఆ ట్యూనరు ఫోను ఎత్తితే ఒట్టు! మన బంకులో దొరికే పెట్రోలు పోసి, డేటాలాగ్ (నడుస్తున్నప్పుడు ఇంజిన్ నుంచి నమోదైన లెక్కలు) చూసి, దానికి తగ్గ ట్యూన్ మ్యాపు రాయడం అంత బ్రహ్మవిద్యా?