కిలోవాట్లలో పరువు

చిన్న బండికి చిన్న జనరేటర్ చాలని ప్రచారం చేసే ఎలక్ట్రీషియన్లను ఒడిశా సరిహద్దు తెలుగువాళ్లం ఇక ఉపేక్షించకూడదు. టెంపో ట్రావెలర్‌ని మోటర్‌హోమ్‌గా, అంటే చక్రాల మీద ఇల్లుగా మార్పించి, రాయగడ నుంచి కోరాపుట్ మీదుగా దేవమాలి కొండెక్కాలని ఒక కుటుంబం ముచ్చటపడితే వీళ్లు మొదట అడిగేదేమిటి? "ఒకేసారి ఏమేం వేస్తారండీ?" అని. ఉన్నవన్నీ వేస్తాం. వెయ్యకపోతే కొనడం దేనికి?

మా లెక్క బావమరిది తేల్చాడు. అమెరికా వీడియోల్లో చిన్న మోటర్‌హోమ్‌కి 30 ఆంప్స్ కనెక్షన్ అంటారు కదా, మనం తగ్గడమేమిటన్నాడు. అక్కడ కరెంటు 120 వోల్టులు, 30 ఆంప్స్‌కి వచ్చేది 3,600 వాట్లు. మన 230 వోల్టుల్లో గీజర్ పెట్టుకునే మామూలు 16 ఆంప్స్ ప్లగ్గే 3,680 ఇస్తుంది. అంటే దాబా గోడ మీది ప్లగ్గుతో అమెరికాను 80 వాట్ల తేడాతో ఓడించేశాం. (ఆ ప్లగ్గు వెనక తీగ ఎంత సన్నమో, ఎర్తింగు ఉందో లేదో చూసుకోవాలట. దేశభక్తి మధ్యలో ఇవొకటి.) అయినా బావమరిది వినలేదు. 30 అంటే 30. 230తో గుణిస్తే 6,900.

చిత్రమేమిటంటే బండిలో పెట్టదలచిన సామానూ సరిగ్గా అంతే తేలింది. టన్ను ఏసీ వెయ్యి, ఇండక్షన్ పొయ్యి రెండు వేలు, ఇన్‌స్టంట్ గీజర్ మూడు వేలు, మిక్సీ 750, ఫ్రిజ్ 150. దైవసంకల్పం కాక ఏమిటి?

దానికీ ఎలక్ట్రీషియన్ అడ్డుపడ్డాడు. గీజర్ మానేసి గ్యాస్ మీద నీళ్లు కాచుకుని, పొయ్యి వేసినంతసేపు ఏసీ ఆపుకుంటే 3 కేవీఏ చాలట. కేవీఏ అంటే జనరేటర్ మీద రాసే సామర్థ్యం, అందులో వాట్లుగా చేతికొచ్చేది 0.8 వంతేనట. మూడు వేలని 0.8తో గుణిస్తే 2,400 వాట్లు. ఏసీ కూడా ఇన్వర్టర్ రకమే కొనాలట. పాత రకం కంప్రెసర్ లేచే క్షణంలో మామూలుకన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగి జనరేటర్ని కూలబెడుతుందట. పప్పు ఉడికేదాకా చెమటలు కక్కాలా? పిండి కొద్దీ రొట్టె అనే ఈ బుద్ధే జాతిని వెనక్కి లాగుతోంది.

పోనీ, పెద్దది కొంటే నష్టమేమిటి? డీజిల్ జనరేటర్ని అస్తమానం తక్కువ లోడు మీద ఆడిస్తే లోపల మసి పేరుకుంటుందట, ఆయిల్ దండగట, బరువు వందల కిలోలట. బరంపురం పెళ్లి ఊరేగింపులు చూడలేదు కాబోలు. వెనక బండి మీద జనరేటర్ చప్పుడు చేసుకుంటూ వస్తే, ముందు గుర్రమెక్కిన పెళ్లికొడుకు ఎవరికి కనిపిస్తాడు?

ఒక్కమాట మాత్రం వెటకారం లేకుండా చెబుతాను. జనరేటర్ ఆడుతుండగా బండిలో పడుకోకండి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ఇక దేవమాలి. ఎత్తు 1,672 మీటర్లు. గాలి పలచబడేకొద్దీ, సుమారు ప్రతి 300 మీటర్లకూ 3 శాతం చొప్పున, ఇంజిన్ బలం తగ్గుతుంది. కింద 2,400 వాట్లిచ్చేది కొండ మీద రెండు వేలకు దిగుతుంది. ఆ చలిలో ఏసీ ఎవరికి కావాలండీ అంటాడు ఎలక్ట్రీషియన్. మాకు కాదు బాబూ, పక్కన బండి ఆపుకున్నవాళ్లు చూడటానికి.

అందుకని 10 కేవీఏ ఖాయం చేశాం. అది ట్రావెలర్‌లో పట్టదు కనక చిన్న ట్రక్కు మీద వెనకాల వస్తుంది. ఆ ట్రక్కు డ్రైవరుకి కూడా ఏసీ పెడితే ఎన్ని కేవీఏ అవుతుందో బావమరిది లెక్కేస్తున్నాడు.