ఎలిజబెత్ కోప్‌కి శిక్ష పడలేదు

స్విట్జర్లాండ్ తొలి మహిళా మంత్రి ఎలిజబెత్ కోప్ గురించి ఒక పోస్టు తెగ తిరుగుతోంది. భర్త పలుకుబడితో ఎంపీ, ఆపై మంత్రి అయిందట, మనీ లాండరింగ్‌లో దొరికి శిక్ష పడిందట, ఆ దెబ్బకి అక్కడ ఆడవాళ్లకి మంత్రి పదవి ఇవ్వడానికే భయపడ్డారట. ఈ ఆరోపణల వెనక నిజంగా జరిగింది ఒక ఫోన్ కాల్ మాత్రమే.

ముందు భర్త పలుకుబడి సంగతి. ఎలిజబెత్ కోప్ జ్యూరిచ్‌లో లా చదివి 1960లో పట్టా తీసుకున్నారు. 1970లో జ్యూరిచ్ పక్కనున్న జుమికోన్ అనే ఊళ్లో కౌన్సిల్ సభ్యురాలయ్యారు. అప్పటికి స్విస్ ఆడవాళ్లకి దేశస్థాయి ఎన్నికల్లో ఓటే లేదు, అది 1971లో వచ్చింది! 1974లో ఆ ఊరికి అధ్యక్షురాలు, 1979లో జాతీయ పార్లమెంటు సభ్యురాలు, 1984 అక్టోబర్ 2న ఏడుగురు సభ్యుల ఫెడరల్ కౌన్సిల్‌కి, అంటే ఆ దేశ మంత్రివర్గానికి, ఎన్నిక. ఆ ఎన్నికకి ముందు పత్రికలు తవ్విపోసింది ఆమె భర్త, లాయర్ హాన్స్ కోప్ గతాన్నే. అంటే ఆయన ఆవిడకి నిచ్చెన కాదు, అడ్డంకి.

ఇక అసలు గొడవ. ఆయన షకార్చీ అనే కంపెనీ బోర్డులో ఉపాధ్యక్షుడు. ఆ కంపెనీ మీద మనీ లాండరింగ్ అనుమానాలున్నాయని న్యాయశాఖ మంత్రిగా ఉన్న ఆమెకి తన సహాయకురాలి ద్వారా తెలిసింది. 1988 అక్టోబర్ 27న భర్తకి ఫోన్ చేసి ఆ బోర్డు నుంచి తప్పుకోమన్నారు. కేసు ఈ కాల్ మీదే, అదీ అధికార రహస్యం బయటపెట్టారనే ఆరోపణతో. మనీ లాండరింగ్ ఆరోపణ ఆమె మీద ఎవరూ పెట్టలేదు. పెట్టాలన్నా అప్పటికి స్విస్ శిక్షాస్మృతిలో ఆ నేరమే లేదు, ఆ సెక్షన్ 1990 ఆగస్టులో అమల్లోకి వచ్చింది. దాని ముసాయిదా పని మొదలైందేమో కోప్ శాఖలోనే! పోస్టు రాసినాయనకి ఈ ముక్క తెలిసుంటే ఏం చేసేవాడో.

శిక్ష పడిందా? లేదు. కేసు పెట్టకుండా ఆమెకున్న చట్టరక్షణని పార్లమెంటు తీసేసింది, విచారణ జరిగింది, 1990 ఫిబ్రవరిలో ఫెడరల్ కోర్టు నిర్దోషి అని తేల్చింది. ఆ సమాచారం తన శాఖ నుంచే వచ్చిందని తెలిసీ చెప్పారన్నది రుజువు కాలేదు.

అలాగని ఆమె తప్పేం లేదని నేననను. కాల్ సంగతి వెంటనే ఒప్పుకోలేదు, పత్రికల్లో వచ్చే దాకా దాచారు. నా లెక్కలో కాల్ కంటే ఆ దాపరికమే పెద్ద తప్పు, పదవి పోగొట్టిందీ అదే. డిసెంబర్ 12న రాజీనామా ప్రకటిస్తూ కూడా చట్టపరంగా గానీ నైతికంగా గానీ తన తప్పేమీ లేదన్నారు. ఫిబ్రవరి దాకా ఉందామనుకున్నారు గానీ ఒత్తిడి తట్టుకోలేక 1989 జనవరి 12నే దిగిపోయారు. రాజీనామా చేసింది కాబట్టి నేరం ఒప్పుకున్నట్టే అనేవాళ్లు ఈ వరస ఒకసారి చూసుకోవాలి.

ఇంకో సంగతి ఆ పోస్టులో ఎక్కడా లేదు. ఈ వ్యవహారం మీద వేసిన పార్లమెంటరీ విచారణ సంఘం న్యాయశాఖ బీరువాలు తెరిస్తే, పోలీసులు జనం మీద ఏళ్ల తరబడి గుట్టుగా పెట్టిన రికార్డులు సుమారు 9 లక్షలు బయటపడ్డాయి. దేశ జనాభానే అప్పుడు 70 లక్షల లోపు. స్విట్జర్లాండ్‌ని నిజంగా కుదిపేసింది అదే.

చివరిది, మళ్లీ ఆడవాళ్లకి పదవి ఇవ్వడానికి భయపడ్డారన్న మాట. నాలుగేళ్లు ఆగితే 1993లో రూత్ డ్రైఫస్ ఎన్నికయ్యారు, 1999లో ఆమే దేశానికి తొలి మహిళా అధ్యక్షురాలు. 2010లో ఏడుగురిలో నలుగురు ఆడవాళ్లే. కోప్ 2023 ఏప్రిల్ దాకా బతికే ఉన్నారు, ఇదంతా చూశారు కూడా.