మూలం మేమే అయినప్పుడు

2009 మార్చి ఆఖర్లో ఫ్రెంచ్ సంగీత దర్శకుడు మారిస్ జార్ చనిపోయారు. వార్త బయటికొచ్చిన కొన్ని గంటల్లోనే ఐర్లండ్‌లో ఓ కాలేజీ కుర్రాడు వికీపీడియాలో ఆయన పేజీ తెరిచి, ఆయన ఎన్నడూ అనని మాటను ఆయన అన్నట్టుగా రాసేశాడు. సంగీతం గురించీ, చావు గురించీ చక్కగా కుదిరిన మాట. నివాళి వ్యాసం రాయడానికి కూర్చున్నవాడికి సరిగ్గా అలాంటిదే కావాలి. మూలం మాత్రం ఇవ్వలేదు. జీతం భత్యం లేకుండా అక్కడ పనిచేసే వాలంటీర్లు ‘దీనికి ఆధారం ఏదీ?’ అని తీసేశారు, అతను మళ్లీ పెట్టాడు, వాళ్లు మళ్లీ తీసేశారు. ఈలోపు గార్డియన్ సహా పేరున్న పత్రికలు కొన్ని దాన్ని ఎత్తుకుపోయి అచ్చేసుకున్నాయి. నెల గడిచినా ఎవరూ పట్టుకోలేదు. చివరికి ఆ కుర్రాడే ఆ పత్రికలకు మెయిళ్లు పెట్టి, అది నేను కల్పించింది అని చెప్పాల్సి వచ్చింది.

చెప్పడానికి సిగ్గుగానే ఉంది కానీ, ఆ రోజు మాలాంటి పత్రికలు చేయాల్సిన పని చేసింది వాలంటీర్లే. ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వాల నిబంధనల మీద ఎవరైనా విసుక్కున్నప్పుడల్లా మాకు ఈ సంగతే గుర్తొస్తుంది.

విసుగు మామూలుగా ఇలా మొదలవుతుంది. ఒకాయన తన గురించి ఉన్న పేజీలో తప్పు చూసి దిద్దుతాడు, పది నిమిషాల్లో అది వెనక్కి పోతుంది, కింద ‘మూలం ఇవ్వండి’ అని ఉంటుంది. నా గురించి నాకు తెలియదా అని ఆయన కోపం. అమెరికన్ రచయిత ఫిలిప్ రాత్‌కీ ఇదే ఎదురైంది. తన నవల ఒకదానికి ప్రేరణ ఎవరో వికీపీడియాలో తప్పుగా ఉందని మార్పించబోతే, రచయిత మాట ఒక్కటే చాలదు, వేరే మూలం కావాలన్నారు. ఆయన 2012లో న్యూయార్కర్ పత్రికలో పెద్ద బహిరంగ లేఖే రాశారు, ఆ తర్వాత ఆ లేఖే మూలమైంది. అప్పట్లో చాలామంది నవ్వారు. మాకైతే ఇందులో నవ్వాల్సింది పెద్దగా కనిపించలేదు. నెట్‌లో ‘నేనే ఫలానా’ అన్నవాడు నిజంగా ఫలానానో కాదో తేల్చే దారి వాలంటీర్ దగ్గర ఏముంది? పైగా సొంత రచన గురించి రచయిత చెప్పేదీ ఒక పక్షమే, దాన్ని ఆయన మాటగానే రాయాలి. అందుకు ఆ మాట ఎక్కడో ఒకచోట, ఎవరైనా వెళ్లి చూసుకోగలిగే చోట ఉండాలి. అడిగింది అంతే.

రెండో నిబంధన ఇంకా చేదుగా ఉంటుంది. మీ గురించి, మీవాళ్ల గురించి, మీకు జీతమిచ్చే సంస్థ గురించి మీరే రాయొద్దు. తప్పుంటే ఆ వ్యాసానికి అనుబంధంగా ఉండే చర్చ పేజీలో చెప్పండి, సంబంధం లేనివాళ్లు చూసి మారుస్తారు. సొంత డబ్బా కొట్టుకోవాలన్న ఆశ ఎంత గట్టిదంటే, వికీపీడియా వ్యవస్థాపకుడు జిమ్మీ వేల్స్ కూడా తన పేజీని తానే దిద్దుకుంటూ, సహ వ్యవస్థాపకుడు లారీ శాంగర్ ప్రస్తావనల మీద కత్తెర వేసి 2005లో దొరికిపోయారు. అలా చేయాల్సింది కాదని తర్వాత ఒప్పుకున్నారు. 2007లో వికీస్కానర్ అనే టూల్ వచ్చి, పేరు లేకుండా చేసిన దిద్దుబాట్లు ఏ సంస్థ కంప్యూటర్ల నుంచి వచ్చాయో బయటపెడితే, కంపెనీలతో, ప్రభుత్వ కార్యాలయాలతో పాటు మీడియా సంస్థలూ ఆ వరసలో కనిపించాయి.

అక్కడితో ఆగితే బావుండేది. 2013లో డబ్బు తీసుకుని పేజీలు రాసిపెట్టే ఒక సంస్థతో ముడిపడ్డాయన్న అనుమానంతో 250కి పైగా ఖాతాలను నిరోధించారు. 2014 జూన్‌లో వికీపీడియాను నడిపే వికీమీడియా ఫౌండేషన్ వాడుక నియమాలనే మార్చి, డబ్బు తీసుకుని రాసేవాళ్లు ఎవరి కోసం రాస్తున్నారో, ఎవరు ఇస్తున్నారో బయటపెట్టాలని పెట్టింది. ఆ మరుసటి ఏడాదే ఆరెంజ్‌మూడీ వ్యవహారం. ఆ పద్ధతి చూడండి. ఓ చిన్న వ్యాపారి తన గురించి వ్యాసం రాస్తాడు, దాన్ని తిరస్కరిస్తారు. కొన్నాళ్లకు, సైట్‌లో నాకు మంచి పేరుంది, డబ్బిస్తే మీ వ్యాసం పడేలా చేస్తానని ఒకరు తగులుతారు. డబ్బిస్తే నిజంగానే పడుతుంది. ఆపైన ఎవరూ తీసేయకుండా కాపలా కాస్తాం, నెలనెలా ఇంత ఇవ్వండి అని ఇంకో బేరం. వీధి రౌడీ మామూళ్లకు దీనికి తేడా ఏముంది! 381 ఖాతాలు మూయించారు, 210 వ్యాసాలు తీసేశారు.

ఇంత చూశాక వాలంటీర్లకు అనుమానం జబ్బు పట్టిందంటే తప్పుపట్టలేం. కానీ ఒక మాట అనక తప్పదు. నిజాయితీగా ‘నేను ఈ సంస్థలో పనిచేస్తున్నాను, ఈ అంకె తప్పు, ఇదిగో మూలం’ అని చర్చ పేజీలో రాసినవాడి అభ్యర్థన వారాలు, ఒక్కోసారి నెలలు అలాగే పడి ఉంటుంది. దొంగ పేరుతో వచ్చినవాడు అర్ధరాత్రి మార్చేసి వెళ్లిపోతాడు. చెప్పి వచ్చినవాడికి క్యూ, చెప్పకుండా వచ్చినవాడికి తలుపు బార్లా అయితే, చెప్పే బుద్ధి ఎవరికి పుడుతుంది? సంబంధం ఉందని ముందే చెప్పినవాణ్ని దొంగలా చూడటం మానేసి, ముందు ఆ వరస ఖాళీ చేయాలి. బతికున్నవాళ్ల పేజీల్లో అయితే ఇంకా త్వరగా. అమెరికాలో జాన్ సీగెంథాలర్ అనే పాత్రికేయుడికి కెనడీ సోదరుల హత్యలతో సంబంధం ఉందన్న అబద్ధం 2005లో నాలుగు నెలలకు పైగా ఆయన పేజీలో ఉండిపోయింది. ఆయన రాబర్ట్ కెనడీ దగ్గర పనిచేసిన మనిషి. అలాంటి రాతను, అది తన గురించే అయినా, తుడిచేయడం నిబంధనలకు విరుద్ధం కాదని చాలామందికి తెలియదు.

ఇక మా సంగతి. ఎన్ని నిబంధనలున్నా చివరికి వాలంటీర్ వేసే ప్రశ్న ఒక్కటే: పేరున్న పత్రికలో వచ్చిందా? అందుకే తెలివైనవాళ్లు పేజీ జోలికి పోవడం మానేసి మా దగ్గరికి వస్తున్నారు. ప్రెస్ నోట్ వస్తుంది, డెడ్‌లైన్ టెన్షన్‌లో నాలుగు వాక్యాలు అటూ ఇటూ మార్చి పైన ‘న్యూస్ డెస్క్’ అని వేస్తే అది వార్త. డబ్బు తీసుకుని వార్తలా వేసే రాతలు సరేసరి. దూరాన కూర్చున్న వాలంటీర్‌కు పత్రిక పేరు, తేదీ, లింకు కనిపిస్తాయి. ఆ కథనం ఎవరి మెయిల్లోంచి వచ్చిందో కనిపించదు. తానే రాస్తే చెల్లనిది మా చేత రాయిస్తే చెల్లుతోంది.

అక్కడి తప్పు మా దగ్గరికీ వస్తుంది. 2008లో ఒక విద్యార్థి సరదాకి, కోఆటీ అనే దక్షిణ అమెరికా జంతువుకు ‘బ్రెజిలియన్ ఆర్డ్‌వార్క్’ అనే పేరూ ఉందని వికీపీడియాలో చేర్చాడు. చీమలు, చెదలు తినే ఆర్డ్‌వార్క్ అనే వేరే జంతువు ఉండేదేమో ఆఫ్రికాలో! పత్రికలు ఆ పేరు వాడేశాయి, ఓ విశ్వవిద్యాలయం వేసిన పుస్తకంలోకీ ఎక్కింది, తర్వాత ఓ పత్రిక కథనమే దానికి మూలంగా వచ్చి కూర్చుంది. అసలు సంగతి బయటపడేసరికి 2014 అయింది. పుట్టించింది ఒకడే, సాక్ష్యం చెప్పింది మాత్రం మాలాంటివాళ్లం.

కాబట్టి వాలంటీర్లకు మేం చెప్పేదేమంటే, మా పత్రికలో వచ్చింది కదా అని ఊరుకోవద్దు. ఒకే రోజు మూడు పత్రికల్లో అవే వాక్యాలుంటే, కథనం మొత్తంలో ఒక్కరే మాట్లాడుతుంటే, ఒక్క ఇబ్బందికరమైన ప్రశ్న కూడా లేకపోతే, దాన్ని మూలంగా తీసుకోకండి. మాకేం కోపం రాదు (మా మార్కెటింగ్ వాళ్లకు రావచ్చు). మా వాళ్లెవరూ మా లింకుల్ని తెచ్చి ఆ వ్యాసాల్లో అతికించకూడదు, తాము ఇంటర్వ్యూ చేసినవాళ్ల పేజీల్లో వేలు పెట్టకూడదు.

ప్రెస్ నోట్ నుంచి తీసుకున్న కథనం కింద ఇకపై ఆ ముక్క రాసి ఉంటుంది. సవరణ వేస్తే వేరే మూలన పడేయకుండా పాత లింకులోనే, పైనే వేస్తాం. ఇప్పటికే వేసినవి బోలెడున్నాయి, వాటిలో కొన్ని ఏవో వ్యాసాల అడుగున మూలాలుగా కూర్చునే ఉంటాయి. మీ కంటబడితే చర్చ పేజీలో రాయండి, మాకూ ఒక మెయిల్ పెట్టండి.