డిక్కీలో నిద్రపోతున్న ఛార్జింగ్ కేబుల్ గారికి

అయ్యా,

నిన్న మహానంది నుంచి వచ్చి సామాన్లు దించుతుంటే తమరి దర్శనమైంది. మా బావ ఈ కారు కొని రెండేళ్లు దాటింది, తమరి మీద కంపెనీ వేసిన ప్లాస్టిక్ కవర్ ఇంకా చినగలేదు!

హైదరాబాద్ నుంచి బావ ఆ ప్లగిన్ హైబ్రిడ్ (పెట్రోల్ మీదా, ప్లగ్గుకు తగిలించి నింపుకునే బ్యాటరీ మీదా నడిచే కారు) వేసుకుని కర్నూలుకు వస్తున్నాడంటే, తమరి కోసమే నీళ్ల మోటార్ పీకేసి పదిహేను ఆంపుల ప్లగ్గు ఖాళీగా పెట్టాను. రాత్రంతా తగిలిస్తే పొద్దున చాలా దూరం పెట్రోల్ లేకుండానే పోవచ్చు కదా అని. "ఇప్పుడు సామాన్లన్నీ తీసి అదెవరు బయటికి లాగుతార్లే బామ్మర్దీ, పెట్రోల్ ఉంది కదా" అన్నాడు. కారుకు కరెంటు ఎక్కలేదు, ట్యాంకుకు నీళ్లు ఎక్కలేదు, పొద్దున్నే మా ఆవిడకు మాత్రం కోపం తలకెక్కింది.

ఓర్వకల్లు దాటుతుంటే అక్కడి 1000 మెగావాట్ల సోలార్ పార్కు గురించి, భూమి వేడెక్కడం గురించి బావ ఉపన్యాసం. ఇంజనేమో ఖాళీ బ్యాటరీ బరువు కూడా మోసుకుంటూ గుర్రుమంటోంది. "ఛార్జ్ మోడ్ నొక్కితే ఇంజనే బ్యాటరీ నింపుతుంది" అని అదొక గొప్ప. పెట్రోల్ కాల్చి కరెంటు చేసుకోవడానికి ఇంత ఖరీదు కారెందుకయ్యా? తీరా నంద్యాల బంకులో కంపెనీ పెట్రోల్ కార్డు మర్చిపోయాడట, ఫోన్లో ఛార్జింగ్ లేదట. పర్యావరణం ఆయనది, బిల్లు నాది.

మా బావ ఒక్కడే అయితే పోనీలే అనుకుందును. 2021లో రోడ్డెక్కిన కార్లలోని మీటర్ల లెక్కలే తీసి యూరోపియన్ కమిషన్ 2024లో చెప్పింది, ఈ ప్లగిన్ హైబ్రిడ్లు అధికారిక పరీక్షలో కాగితం మీద రాసినదానికి సగటున మూడున్నర రెట్లు కార్బన్ డయాక్సైడ్ వదులుతున్నాయని. ఆ కాగితం ఏమనుకుందంటే, జనం 70 నుంచి 85 శాతం దూరం కరెంటు మీదే తిరుగుతారని. ఐసీసీటీ అనే పరిశోధన సంస్థ యూరప్ కార్ల మీద 2022లో చేసిన అధ్యయనంలో సొంత కార్లు సగం దూరం కూడా అలా తిరగలేదు, ఆఫీసు వాళ్లిచ్చే కంపెనీ కార్లయితే 11 నుంచి 15 శాతమే! ఎందుకు తిరుగుతాయి, పెట్రోల్ కార్డు ఆఫీసుది, ఇంటి కరెంటు బిల్లు సొంతం. ఇంత మోసం నీ పేరు చెప్పి జరుగుతుంటే నువ్వు సిగ్గు లేకుండా కవర్లో పడుకున్నావా?

సరే, నీదేం తప్పులే. రోజూ రాత్రి తగిలించేవాడి చేతిలో పడుంటే, ఊళ్లో ఆఫీసుకూ బజారుకూ తిరిగేవాడికి బంకు మొహం చూసే పనే ఉండేది కాదు.

ఇంట్లోకి రాగానే బావ అడిగిన మొదటి మాట: "బామ్మర్దీ, ఫోన్ పెట్టుకోను ప్లగ్గు యాడుంది?"

పెట్రోల్ డబ్బులు ఇంతవరకు పడలేదు.

ఇట్లు,
బిల్లు కట్టిన బామ్మర్ది