ప్రేమకథలో ఇంటి అద్దె కూడా ఉంటుంది

మన ప్రవాస సంచికలకు యువ రచయితలు పంపే కథల్లో ప్రేమ ఎప్పుడూ స్వదేశంలోనే ఉంటుంది. కాలేజీలో మొదలవుతుంది, వీసా రాగానే ముగుస్తుంది. విమానం దిగాక మిగిలేవి మంచు, ఉద్యోగం, ఒంటరితనం. ఇక్కడికొచ్చిన పాతికేళ్ల వాళ్లెవరూ ఎవరినీ ప్రేమించడం లేదా? బ్రహ్మాండంగా ప్రేమిస్తున్నారు. రాయడం లేదంతే. పోటీలు పెట్టే పెద్దలకు ఊరి జ్ఞాపకాలంటే మోజు అని వాళ్లు ఎప్పుడో కనిపెట్టేశారు.

దేశం విడిచిన రచయిత పుట్టిన నేల గురించే రాస్తాడనీ, ఐరిష్ రచయిత జేమ్స్ జాయిస్ చేసింది అదేననీ కొందరంటారు. నిజమే, జాయిస్ తన ఊరు డబ్లిన్‌ను వదిలినా ఆయన రచనలు దాన్ని వదల్లేదు. కానీ ఆయన ఒంటరిగా వెళ్లలేదు. 1904 అక్టోబరులో, 22 ఏళ్ల వయసులో, హోటల్లో పనిచేసే నోరా బార్నకల్‌తో కలిసి వెళ్లిపోయాడు. పెళ్లి కాలేదు, చట్టప్రకారం అది 1931లో గానీ జరగలేదు. జూరిక్‌లో వస్తుందనుకున్న ఉద్యోగం రాలేదు. చివరికి, అప్పట్లో ఆస్ట్రియా-హంగరీ ఏలుబడిలో ఉన్న పోలాలో, తర్వాత ఇప్పటి ఇటలీలోని ట్రియెస్ట్‌లో ఇంగ్లీషు పాఠాలు చెప్పుకుంటూ బతికాడు. 1905లో కొడుకు, 1907లో కూతురు. చాలని జీతం, అప్పులు. తమ్ముడు స్టానిస్లాస్ కూడా అక్కడికే వచ్చి, తన సంపాదనతో అన్న సంసారాన్ని చాలాకాలం ఈడ్చాడు. డబ్లిన్ గురించి అంత రాసిన మనిషి ఇంట్లో పిల్లలతో మాట్లాడింది ట్రియెస్ట్ వీధుల ఇటాలియన్. పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడరని బాధపడే మన తల్లిదండ్రులకు ఈ సంగతి కాస్త ఊరటనిస్తుందేమో.

జాయిస్ నవల 'యులిసిస్' కథంతా నడిచేది 1904 జూన్ 16న. జాయిస్, నోరా మొదటిసారి కలిసి షికారుకు వెళ్లిన రోజది. ఊరు పాతదే కావచ్చు, ఆ రోజును ఎంచుకున్నది మాత్రం పరాయి ఊళ్లలో పక్కనే కాపురం చేస్తున్న ప్రేమ. మన కథల్లో లోపించింది ఈ రెండోదే.

నాకు నోరా గురించి ఇంకా పట్టింపు ఉంది. ఇరవై ఏళ్ల పిల్ల, భాష తెలియని ఊరు, పగలంతా పాఠాలకు వెళ్లే మనిషి, పైగా అతను రచయిత! డిపెండెంట్ వీసా మీద వచ్చి నాలుగు గోడల మధ్య కూర్చున్న అమ్మాయిలకు ఆమె ఎవరో వేరే చెప్పక్కర్లేదు. వాళ్లు కలం పడితే రచయిత భర్తలు కొంత ఇబ్బంది పడతారు. పడనివ్వండి.

అందుకే వచ్చే పోటీకి రెండు నిబంధనలు పెట్టమంటాను: కథ మనం వలస వచ్చిన ఈ దేశంలోనే జరగాలి, ప్రేమికుల్లో అద్దె ఎవరు కడుతున్నారో పాఠకుడికి తెలియాలి.