చిన్న జట్టుకూ గెలుపు అందాలి

గాజువాకలో ఉక్కు కర్మాగారం షిఫ్టు దిగి ఇంటికొచ్చే ఉద్యోగి, మద్దిలపాలెం హాస్టల్లో ఉండే విద్యార్థి ఒక ఆన్‌లైన్ ఆటలో ఒకే క్లాన్‌లో, అంటే ఒకే జట్టులో ఆడుతుండవచ్చు. జట్టుగా పూర్తిచేయాల్సిన సవాలు రాగానే వారి మధ్య పేచీ మొదలవుతుంది. ఎక్కువ ఆడింది ఒకరు, బహుమతి అందరికీ. ‘‘నిన్న సి షిఫ్టు పడింది అన్నా, ఈ రోజు ఆడేస్తాను’’ అని గ్రూపులో సంజాయిషీలు కనబడతాయి. ఇలాంటప్పుడు ఆటగాళ్ల బుద్ధిని తప్పుపడుతుంటాం. చాలాసార్లు తప్పు ఆట వేసిన లెక్కలోనే ఉందని నేను నమ్ముతాను.

క్లాష్ ఆఫ్ క్లాన్స్ అనే మొబైల్ ఆటలో 2017 డిసెంబరులో వచ్చిన క్లాన్ గేమ్స్‌నే తీసుకుందాం. నెలకోసారి కొన్ని రోజులపాటు సభ్యులు చిన్న చిన్న పనులు పూర్తిచేసి పాయింట్లు పోగుచేస్తారు. ఒక్కొక్కరు సాధారణంగా 4,000 పాయింట్ల దాకానే తేగలరు. బహుమతుల్లో పై మెట్టు చేరాలంటే క్లాన్ మొత్తానికి 50,000 కావాలి. ఆ 4,000 హద్దు చాలా మంచి ఆలోచన. రోజంతా తీరిక ఉన్నవాడు భారమంతా తానే మోసి, ఆపైన మిగతావారి మీద పెత్తనం చేసే వీలు లేదు. ఉద్యోగం చేసుకునేవాడు తీరిక దొరికినప్పుడల్లా కాసేపు ఆడి తన వాటా పూర్తిచేసుకుంటే, ఇక అతణ్ణి వేలెత్తి చూపేవారుండరు.

చిక్కంతా రెండో అంకెతోనే. 50,000 పాయింట్లకు పూర్తి వాటా తెచ్చే 13 మంది చాలు. 50 మంది ఉన్న క్లాన్‌లో మిగతా 37 మంది పేరుకు ఆడినా పై మెట్టు దక్కుతుంది. అదే సీతమ్మధారలో అన్నదమ్ముల పిల్లలు, ఇరుగుపొరుగు కుర్రాళ్లు కలిసి పెట్టుకున్న 10 మంది క్లాన్ అయితే? ప్రతి ఒక్కరూ ఆఖరి పాయింటు దాకా తెచ్చినా 40,000 దగ్గర ఆగిపోతారు. అంతకు మించి కష్టపడదామన్నా దారి లేదు. మనిషికి హద్దు పెట్టినవారు, జట్టులో ఎందరున్నారో చూడకుండా అందరికీ ఒకే లక్ష్యం పెట్టడం అన్యాయం.

దీనికి విరుగుడు పాతదే. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ ఆట తొలినాళ్లలో పెద్ద రెయిడ్లకు, అంటే బలమైన శత్రువుల మీద జట్టుగా చేసే దాడులకు, 40 మందిని కూడగట్టాల్సి వచ్చేది. 2014 నుంచి సాధారణ, హీరోయిక్ స్థాయుల్లో 10 నుంచి 30 మంది వరకు ఎందరు వచ్చినా ఆ సంఖ్యను బట్టి బాస్ (ఓడించాల్సిన పెద్ద శత్రువు) బలం మారుతుంది. అన్నిటికన్నా కఠినమైన మిథిక్ స్థాయికి మాత్రం సరిగ్గా 20 మంది ఉండాలన్నారు. నేను దాన్ని సమర్థిస్తాను. అక్కడ సంఖ్య మారితే జట్లు ఆట మానేసి, ఎందరితో వెళితే సులువో వెతుక్కుంటాయి. నెలనెలా సరదాగా ఆడే సవాలుకు అంత కట్టుబాటు అవసరం లేదు.

లెక్క ఆటలో లేకపోతే ఆటగాళ్లే వేసుకుంటారు. 1999లో ఎవర్‌క్వెస్ట్ ఆటగాళ్లు డ్రాగన్ కిల్ పాయింట్ల పద్ధతి తెచ్చారు. రెయిడ్‌కు హాజరైతే పాయింట్లు, వాటితో దొరికిన వస్తువులు కొనుక్కోవడం. కొట్లాటలను చాలావరకు ఆపిన మంచి పద్ధతే, కానీ అందులో ఎక్కువ గంటలు కూర్చోగలిగినవారిదే పైచేయి. నైపుణ్యం ఉండి తీరిక లేనివారు వెనకబడ్డారు.

క్లాన్ గేమ్స్ లాంటి సవాళ్లలో లక్ష్యాన్ని సభ్యుడికి 2,500 చొప్పున, 50,000కు మించకుండా పెట్టవచ్చు. అప్పుడు 10 మంది క్లాన్ 25,000 తెస్తే చాలు. అయితే లక్ష్యం తగ్గించుకోవడానికి నాయకులు తక్కువ ఆడేవారిని సవాలుకు ముందే బయటకు పంపే ప్రమాదం ఉంది. అందుకే ఆ రోజున్న సభ్యులను కాకుండా, కిందటి నెల పాల్గొన్నవారి సంఖ్యను లెక్కలోకి తీసుకోవాలి. ఎవరిని తీసేసినా ఆ నెల లక్ష్యం తగ్గదు, అతను తెచ్చే నాలుగు పాయింట్లు కూడా క్లాన్‌కు పోతాయి.