36 మీటలున్నా మోగని సైరన్

2020 మే 7 తెల్లవారుజామున మూడు గంటల వేళ విశాఖ శివారు ఆర్‌ఆర్ వెంకటాపురం నిద్రలో ఉంది. ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకు నుంచి వెలువడిన స్టైరీన్ (ప్లాస్టిక్ తయారీలో వాడే రసాయనం) ఆవిరి ఇళ్ల మీదికి వచ్చింది. కళ్లు మండి, ఊపిరాడక లేచినవాళ్లు తోచిన దిక్కుకు పరుగెత్తారు. కొందరు రోడ్డు మీదే పడిపోయారు. పన్నెండు మంది చనిపోయారు, వందల మంది ఆసుపత్రుల్లో చేరారు.

ఆ తర్వాత ఐఏఎస్ అధికారి నీరబ్ కుమార్ ప్రసాద్ నాయకత్వంలోని రాష్ట్ర ప్రభుత్వ ఉన్నతస్థాయి కమిటీ ఏం జరిగిందో వివరంగా చెప్పింది. ట్యాంకును చల్లగా ఉంచే ఏర్పాటు సరిగా నడవలేదు. స్టైరీన్ దానంతటదే పాలిమర్‌గా మారి వేడెక్కకుండా ఆపే రసాయనం అవసరానికి లేదు. ఉష్ణోగ్రత కొలిచే పరికరం ట్యాంకు అడుగున ఉండటంతో పైభాగంలో పెరుగుతున్న వేడి ఎవరికీ తెలియలేదు. వీటన్నిటి మీద అప్పట్లో చాలా చర్చ జరిగింది. నన్ను ఇప్పటికీ వదలనిది మాత్రం ఆ నివేదికలోని ఇంకో మాట. ఆ ఫ్యాక్టరీలో సైరన్ మోగించడానికి గేటుతో సహా 36 చోట్ల వీలుండేది. ఒక్క చోట నుంచి కూడా ఎవరూ మోగించలేదు.

రసాయన ప్రమాదం అనగానే మనకు మాస్కులు పెట్టుకున్న ఎన్డీఆర్‌ఎఫ్ సిబ్బంది గుర్తొస్తారు. వాళ్ల శ్రమ గొప్పది. కానీ వాళ్లు వచ్చేసరికి ఊరివాళ్ల ప్రాణాలకు సంబంధించి చాలావరకు తేలిపోయి ఉంటుంది. మొదటి అరగంటలో అక్కడ ఉండేది షిఫ్టులో ఉన్న నలుగురు ఉద్యోగులు, చుట్టూ నిద్రపోతున్న జనం. కాబట్టి స్పందన వ్యవస్థను ఆ అరగంట కోసమే నిర్మించాలి. మనం కట్టుకున్నది ఆ తర్వాతి గంటల కోసం.

పరుగెత్తడమే సరైన పని అనుకోవడానికి కూడా లేదు. స్టైరీన్ ఆవిరి గాలి కంటే మూడు రెట్లకు పైగా బరువు. అది నేలను అంటుకుని పల్లం వైపు పారుతుంది. క్లోరిన్ కూడా గాలి కంటే బరువైనదే. గాలి వీచే దిశలోనే పరుగెడితే విషం వెంట వస్తూనే ఉంటుంది, దానికి అడ్డంగా పక్కకు తప్పుకోవాలి. కొన్నిసార్లు తలుపులు మూసి, సందుల్లో తడిగుడ్డలు కుక్కి ఇంట్లో ఉండటమే మేలు. ఏది మేలన్నది రసాయనాన్ని బట్టి, పరిమాణాన్ని బట్టి, గాలిని బట్టి మారుతుంది. అర్ధరాత్రి పిల్లల్ని చంకనేసుకున్న తల్లి ఆ లెక్క వేయలేదు. ఎవరో ముందే వేసి ఆమెకు చెప్పి ఉంచాలి.

చెప్పాలని చట్టం ఎప్పుడో అంది. భోపాల్ గ్యాస్ దుర్ఘటన తర్వాత వచ్చిన 1989 నాటి ప్రమాదకర రసాయనాల నిబంధనల ప్రకారం ఫ్యాక్టరీ లోపలి ఎమర్జెన్సీ ప్లాన్ యాజమాన్యం బాధ్యత, బయటి ఊళ్లకు సంబంధించిన ఆఫ్‌సైట్ ప్లాన్ జిల్లా అధికారుల బాధ్యత. ప్రమాదం జరిగితే ఏం చేయాలో చుట్టుపక్కల వాళ్లకు ముందుగానే తెలియజేయాలి. స్టైరీన్ ఆ నిబంధనల జాబితాలో ఉన్న రసాయనమే. 1996 నిబంధనలైతే జిల్లా స్థాయిలో, పారిశ్రామికవాడ స్థాయిలో ప్రమాద సమయంలో చర్యలు చూసే క్రైసిస్ గ్రూపులు కూడా ఉండాలన్నాయి. ఇన్ని ఉన్నా, ఫ్యాక్టరీ పక్కన ఉండేవాళ్లను మీ ఊరి ప్లాన్ ఏమిటని అడిగి చూడండి. చాలాచోట్ల అలాంటిదొకటి ఉందనే తెలియదు.

ఆ సమాచారం లేకపోతే భయం ఎంత దూరం పోతుందో విశాఖలో ఆ రాత్రే చూశాం. మే 7 అర్ధరాత్రి మళ్లీ లీకైందన్న వార్త పాకి, లాక్‌డౌన్ రోజుల్లో జనం ఇళ్లు వదిలి రోడ్ల మీదికి వచ్చేశారు. నమ్మదగిన ఒక్క గొంతు వాళ్లకు సమయానికి అందలేదు.

సైరన్ ఎందుకు మోగదు? మోగిస్తే ఊరంతా లేస్తుంది, పోలీసులు వస్తారు, మీడియా వస్తుంది, రేపు పైవాళ్లకు సమాధానం చెప్పాలి. షిఫ్టు ఇన్‌చార్జి మీద ఈ టెన్షన్ అంతా పెట్టి, ధైర్యంగా మీట నొక్కుతాడని ఆశించడం తప్పు. భోపాల్‌లోనూ ఊరికి వినిపించే సైరన్ కాసేపు మోగించి ఆపేశారు. అందుకే ఆ నిర్ణయాన్ని మనిషి చేతిలోంచి తీసేయాలి. ప్రహరీ వెంట గ్యాస్ గుర్తించే పరికరాలు పెట్టి, పరిమితి దాటగానే సైరన్ దానంతటదే మోగేలా చేయాలి. అదే క్షణంలో కలెక్టరేట్ కంట్రోల్ రూముకు, దగ్గరి పోలీస్ స్టేషన్‌కు, ఆసుపత్రికి రసాయనం పేరుతో సహా సమాచారం వెళ్లాలి. పేరు తెలియకపోతే డాక్టరు వైద్యాన్ని ఊహించి చేయాల్సి వస్తుంది. ఒక ప్రాంతంలోని ఫోన్లన్నిటినీ ఒకేసారి పెద్దగా మోగించే సెల్ బ్రాడ్‌కాస్ట్ హెచ్చరికలను 2023లో దేశంలో పరీక్షించి చూశారు కూడా. వాటిని తుపానులకే పరిమితం చేయనక్కర్లేదు. ఉత్తుత్తి అలారాలు ఎక్కువైతే జనం పట్టించుకోరన్న అభ్యంతరం నిజమే. దానికి మందు పరికరాల నిర్వహణ, సైరన్ ఆపేయడం కాదు.

పరవాడ, అచ్యుతాపురం, పాశమైలారం లాంటి పారిశ్రామికవాడల చుట్టూ ఊళ్లున్నాయి, బడులున్నాయి. అక్కడి ఆఫ్‌సైట్ ప్లాన్‌ను తెలుగులో రాసి పంచాయతీ ఆఫీసు గోడ మీద పెట్టాలి: ఏ ఫ్యాక్టరీలో ఏ రసాయనం ఎంత ఉంది, సైరన్ మోగితే ఎటు వెళ్లాలి, నడవలేని ముసలివాళ్లను ఎవరు తీసుకెళ్తారు. మాక్ డ్రిల్ కూడా పగటిపూట, ఫ్యాక్టరీ గేటు లోపల, ఫొటోల కోసం చేస్తే లాభం లేదు. సంవత్సరానికి ఒక్కసారైనా రాత్రిపూట, ఊరివాళ్లతో కలిసి చేయాలి. ఈ పనికి కొత్త చట్టం అక్కర్లేదు, కలెక్టర్ ఉత్తర్వు చాలు.